బ్రూక్లిన్ బ్యాట్ల కథ

రాజుల ఖడ్గాలను, కవుల ఘంటాలను, విద్వాంసుల వీణలను భద్రపరచడం మనం ఎరిగినదే. ఒక మనిషి జీవితమంతా చేత పట్టిన పనిముట్టులో ఆ మనిషి కొంత మిగిలి ఉంటాడని లోకుల నమ్మకం. అమెరికాలో ఈ నమ్మకం ఒక విచిత్రమైన వస్తువును ఆశ్రయించినది. అది బేస్‌బాల్ బ్యాటు. తాము అభిమానించిన జట్టువారు నిజంగా పోటీలలో వాడిన పాత బ్యాట్లను వెతికి, పోల్చి, పరీక్షించి, దాచుకొనేవారు ఆ దేశంలో ఎందరో ఉన్నారు. పైకి ఇది ఒక వేడుకగా మాత్రమే కనిపించవచ్చును. కాని ఒక కొయ్యముక్క చరిత్రకు సాక్ష్యం కావాలంటే ఏమేమి కావాలి? ఎవరి పనిముట్లు మిగిలినవి, ఎవరివి మిగలలేదు? ఈ ప్రశ్నలు ఆ వేడుకలో ఇమిడి ఉన్నవి. న్యూయార్కు నగరంలో ఒకప్పుడు ఆడిన బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే జట్టును తీసుకొని ఈ విషయాన్ని కొంత పరిశీలిద్దాము.

క్రికెట్ ఎరిగిన మనకు ముందుగా ఒక మాట చెప్పవలసి ఉన్నది. బేస్‌బాల్ బ్యాటుకు క్రికెట్ బ్యాటు వలె బల్లపరుపు ముఖం ఉండదు. అది రోకలి వలె గుండ్రంగా ఉంటుంది. ఒక కొన లావు. పిడి వైపు సన్నన. పిడి చివర చేయి జారకుండా చిన్న గుబ్బ. పెద్ద పోటీలలో వాడే బ్యాటు అతుకు లేకుండా ఒకే కొయ్యతో చేసినదై ఉండాలి. పొడవు 42 అంగుళాలు మించరాదు. లావు నేటి నియమం ప్రకారం 2.61 అంగుళాలు దాటరాదు. పూర్వం హికరీ అనే బరువైన కొయ్యను ఎక్కువగా వాడేవారు. తరువాత అంతకంటె తేలికగా ఉండే యాష్ కొయ్య ప్రధానమైనది. 1990ల చివరినుండి మేపుల్ కొయ్య ప్రచారంలోకి వచ్చినది. బేబ్ రూత్ వంటి పాతకాలపు వీరులు 40 ఔన్సులు దాటిన బ్యాట్లను తిప్పగా, నేటి ఆటగాళ్ళలో చాలామంది 31 మొదలు 33 ఔన్సుల బ్యాట్లతో తృప్తిపడుతున్నారు.

ఆ రోజులలో బ్యాటును ఎవరూ దాచలేదు. రైతుకు నాగలి ఎట్టిదో ఆటగాడికి బ్యాటు అట్టిది. అది పనికి వచ్చినంతకాలం ప్రాణంతో సమానం. విరిగిన మరుక్షణం వంటచెరకుతో సమానం. గంటకు తొంభై మైళ్ళ వేగంతో వచ్చే బంతిని సన్నని పిడిగల కొయ్యతో కొడితే అది బీటలు వారక మానదు. అట్లా చీలిన బ్యాట్లను జట్టు సామానులు చూచే పనివారు పారవేసేవారు, లేదా గేటువద్ద నిలబడిన పిల్లలకు ఇచ్చేవారు. పిల్లలు వాటికి చిన్న మేకులు కొట్టి, పట్టీ చుట్టి, ఖాళీ స్థలాలలో ఆడుకొనేవారు. నేడు అద్దాల పెట్టెలలో వెలుగుతున్న బ్యాట్లలో కొన్ని అట్లా మేకులు దిగినవే. వీధిలో ఆడిన పిల్లవాడు తన చేతిలో ఉన్నది చరిత్ర అని తలచలేదు; ఇంకా నాలుగు దెబ్బలకు పనికివస్తుందని తలచినాడు. ఆ చిన్న స్వార్థం వల్లనే అవి పొయ్యిలోకి పోకుండా మిగిలినవి.

ఈ బ్యాట్ల చరిత్ర చాలవరకు కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ పట్టణంలో ఒక వడ్రంగి శాలతో ముడిపడి ఉన్నది. జె. ఫ్రెడరిక్ హిల్లెరిక్ అనే జర్మను వలసదారు పందొమ్మిదవ శతాబ్దం మధ్యకాలంలో అక్కడ తరిమెన పని ప్రారంభించినాడు. మంచపు కోళ్ళు, మెట్ల కటకటాల కమ్మీలు, వెన్న చిలికే కవ్వపు సాధనాలు ఆయన సరుకు. 1884లో ఆయన కుమారుడు బడ్ హిల్లెరిక్, పదిహేడేళ్ళవాడు, ఆ ఊరి జట్టులోని పీట్ బ్రౌనింగ్ అనే ఆటగాడి బ్యాటు విరగగా, అతనికి తానే తరిమెనపై కొత్తది చేసి ఇచ్చినాడని కంపెనీవారు చెప్పుకొనే కథ. తండ్రికి ఈ ఆటవస్తువుల వ్యాపారం మొదట రుచించలేదు. వెన్న చిలికే సాధనాలకు ఉన్న గిరాకీ బ్యాట్లకు ఎక్కడిది అని ఆయన తలంపు. కాని కుమారుని పట్టుదలే నెగ్గినది. 1894లో ‘లూయీవిల్ స్లగర్’ అనే పేరు వ్యాపారచిహ్నంగా నమోదైనది. 1911లో ఫ్రాంక్ బ్రాడ్స్‌బీ అనే వ్యాపార నిపుణుడు సంస్థలో చేరినాడు. 1916నుండి అది హిల్లెరిక్ అండ్ బ్రాడ్స్‌బీ కంపెనీ అయినది.

సేకర్తల దృష్టిలో అంతకంటె ముఖ్యమైన తేదీ 1905 సెప్టెంబరు 1. ఆనాడు పిట్స్‌బర్గు జట్టులోని హోనస్ వాగ్నర్ తన సంతకాన్ని బ్యాటుమీద ముద్రించి అమ్ముకొనడానికి ఆ సంస్థకు ఒప్పందం రాసి ఇచ్చినాడు. అటుతర్వాత వందలాది ఆటగాళ్ళు ఆ దారినే నడిచినారు. ఒప్పందం చేసిన ఆటగాడి బ్యాటుమీద అతని సంతకం వంపులతో సహా కాల్చి ముద్రవేసేవారు. ఒప్పందం లేనివారికి వట్టి అచ్చక్షరాలలో పేరు వేసేవారు. ఆటగాడు తనకు నచ్చిన ఆకృతిని చెప్పగా దానికొక గుర్తు ఏర్పడేది: అతని ఇంటిపేరులోని మొదటి అక్షరం, దాని పక్కన ఒక అంకె. ఆర్ అక్షరంతో మొదలయ్యే పేర్లవారికి చేసిన నలభైమూడవ నమూనా ‘ఆర్ 43’. అది బేబ్ రూత్‌ది. ఒకరి నమూనా మరొకరికి నచ్చి కోరుకొనడం కూడ ఉన్నది. మికీ మాంటిల్ వంటివాడు తనకంటె ముందుతరం వాడైన చక్ క్లైన్ పేరిట ఏర్పడిన ‘కె 55’ నమూనాను వాడినాడు. లూయీవిల్‌లోని ఆ సంస్థ ప్రదర్శనశాలలో ఇట్టి మూల నమూనాలు 3,000కు పైగా భద్రంగా ఉన్నవి.

కర్మాగారపు గుమాస్తాలు మరొక మేలు చేసినారు. ఏ ఆటగాడికి ఏ తేదీన, ఏ నమూనా, ఎంత పొడవు, ఎన్ని ఔన్సుల బరువు, ఏ కొయ్య, ఏ మెరుగుతో బ్యాట్లు పంపినదీ చీటీలమీద రాసి పెట్టినారు. వారు రాసినది చరిత్రకోసం కాదు, వ్యాపారం కోసం. అదే ఆటగాడు మరల ఉత్తరం రాస్తే అదే రకం పంపవలెను గదా! పాత దశాబ్దాల చీటీలు అక్కడక్కడ లుప్తమైనా, తరువాతివి చాలవరకు నిలిచినవి. ఇంకొక ఆచారం కూడ ఉండేది. ఆటగాడు తనకు కలిసివచ్చిన బ్యాటు విరిగినప్పుడు దానినే కర్మాగారానికి తపాలాలో పంపి, ఇటువంటిదే మరల చేయమని కోరేవాడు. అక్కడి పనివారు దాని లావు భాగంమీద మైనపు బలపంతో ఆటగాడి పేరు, అది చేరిన తేదీ, బరువు రాసుకొనేవారు. ఇట్లా పక్కన రాత ఉన్న బ్యాటు దొరికితే సేకర్తకు నిధి దొరికినట్లే. ఎందుకనగా అది ఫలానివాడి చేతినుండే వచ్చినదని చెప్పే రాత, దానికి విలువ లేని రోజులలో, దానివల్ల లాభమేమీ లేని మనిషి రాసినది. చరిత్రకారుడికి ఇంతకంటె నమ్మదగిన సాక్షి ఎవరు?

ఇక బ్రూక్లిన్ సంగతి. 1898 వరకు బ్రూక్లిన్ ఒక ప్రత్యేక నగరం. ఆ సంవత్సరం అది న్యూయార్కులో కలిసిపోయినది. పేరు పోయినా పౌరుషం పోలేదు. నగరం పోయిన తరువాత ఆ ప్రాంతానికి తనదంటూ మిగిలినవాటిలో బేస్‌బాల్ జట్టు ముఖ్యమైనది. వీధులలో ట్రామ్ బండ్లను తప్పించుకొని నడిచే ఊరివారని ఎగతాళిగా పుట్టిన ‘డాడ్జర్స్’ అనే మాటే ఆ జట్టుకు పేరైనది. 1913లో ప్రారంభమైన ఎబెట్స్ ఫీల్డ్ అనే ఇరుకైన క్రీడాంగణం వారి నెలవు. ప్రేక్షకులకు ఆటగాళ్ళకు మధ్య దూరం తక్కువ, పిలిస్తే పలికేటంత. కార్మికులు, గుమాస్తాలు, చిన్న వర్తకులు, యూరపునుండి వలసవచ్చినవారు, నల్లజాతివారు ఆ మెట్లమీద పక్కపక్కనే కూర్చునేవారు.

1947 ఏప్రిల్ 15న ఆ మైదానంలోనే జాకీ రాబిన్‌సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున ఆడినాడు. దానితో అమెరికా పెద్ద పోటీలలో ఆరు దశాబ్దాలుగా నల్లవారికి మూసిన తలుపు తెరుచుకొన్నది. మైదానంలోను, వెలుపల హోటళ్ళలోను అతడు పడిన అవమానాలు లోకవిదితం. అతనితోపాటు రాయ్ కాంపనెల్లా, డాన్ న్యూకూంబ్ అనే నల్లజాతి వీరులు, పీవీ రీస్, డ్యూక్ స్నైడర్, గిల్ హాడ్జెస్ మొదలైన తెల్లవారు కలిసి ఒక అపూర్వమైన జట్టు ఏర్పడినది.

అయినా విజయం సులభంగా రాలేదు. సంవత్సరాంతంలో రెండు లీగుల విజేతల మధ్య జరిగే వరల్డ్ సిరీస్‌లో బ్రూక్లిన్ 1916, 1920, 1941, 1947, 1949, 1952, 1953లలో, అంటే ఏడుసార్లు, ఓడిపోయినది. చివరి ఐదుసార్లూ ఓడించినది నగరానికి ఆవలి భాగంలోని యాంకీస్ జట్టే. వచ్చే ఏడు చూద్దాములే అనుకొనడం బ్రూక్లిన్ వారికి సామెత అయినది. తుదకు 1955 అక్టోబరు 4న, ఏడవ పోటీలో, 2–0తో యాంకీస్‌ను జయించినారు. ఆ రెండు పరుగులకూ కారణం గిల్ హాడ్జెస్ బ్యాటు. చివరి బంతి అందుకొని విసిరినవాడు, 1941నుండి ఐదు పరాజయాలూ కళ్ళార చూచిన పీవీ రీస్.

ఆ ఆనందం రెండేళ్ళకే ముగిసినది. జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ బ్రూక్లిన్‌లో కొత్త క్రీడాంగణానికి కోరిన స్థలం విషయమై నగరాధికారి రాబర్ట్ మోజెస్‌తో ఒప్పందం కుదరలేదు. 1957 సెప్టెంబరు 24న ఎబెట్స్ ఫీల్డ్‌లో చివరి పోటీ జరిగినది. మరుసటి ఏడు జట్టు సుమారు మూడువేల మైళ్ళ దూరాన ఉన్న లాస్ ఏంజిల్స్‌కు తరలిపోయినది. 1960 ఫిబ్రవరి 23న క్రీడాంగణాన్ని పడగొట్టడం మొదలైనది. కూల్చే ఇనుప గుండుకు బేస్‌బాల్ బంతివలె రంగు పూసి తెచ్చినారు. ఆనాడు అక్కడికి వచ్చిన కాంపనెల్లాకు, తాను పదేళ్ళు కూర్చుని ఆడిన చోటి మట్టిని ఒక పాత్రలో పోసి ఇచ్చినారు. ఆయన అప్పటికి చక్రాల కుర్చీలో ఉన్నాడు. 1958 జనవరిలో జరిగిన కారు ప్రమాదం ఆయన ఆటకు స్వస్తి పలికినది. మైదానం ఉన్న చోట అనేక అంతస్తుల నివాసభవనాలు లేచినవి.

ఈ జట్టు బ్యాట్లను వెదికేవారి తపనకు మూలం ఇదే. యాంకీస్ అభిమాని తన జట్టు ఆటను నేటికీ చూడవచ్చును. బ్రూక్లిన్ అభిమానికి ఆ భాగ్యం లేదు. ఊరు విడిచిన జట్టు, నేలమట్టమైన మైదానం, వృద్ధులై కాలంచేసిన వీరులు. ఇక చేతితో తాకదగినది వారు పట్టిన కొయ్య ఒక్కటే. పైగా ఇది ముగిసిన లెక్క. 1957 తరువాత బ్రూక్లిన్ బ్యాటు అనేది పుట్టదు. ఉన్నవాటిలో తరుగే గాని పెరుగు లేదు. స్నైడర్ లాస్ ఏంజిల్స్‌లోనూ ఆడినాడు గనుక అతని బ్యాటు దొరికినా, అది ఏ ఊరిది అన్న ప్రశ్న మిగులుతుంది. రాబిన్‌సన్ 1956తో ఆట విరమించినాడు; కాంపనెల్లా లాస్ ఏంజిల్స్‌లో ఒక్కసారి కూడ బ్యాటు పట్టలేదు. ఆ జట్టులో వారిద్దరూ వాడిన బ్యాట్లన్నీ బ్రూక్లిన్‌వే.

మరి ఒక బ్యాటును ఫలానా ఆటగాడు వాడినదేనని తేల్చుకొనడం ఎట్లా? మొదటి చిక్కు దుకాణపు బ్యాట్లది. సంతకం ముద్రించిన బ్యాట్లను కంపెనీ లక్షలాదిగా పిల్లలకు అమ్మినది. తాతగారి అటకమీద దొరికిన రాబిన్‌సన్ బ్యాటు నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు అటువంటిదే. దుకాణపు బ్యాటు గుబ్బమీద అంగుళాలలో పొడవు తెలిపే అంకె సామాన్యంగా ఉంటుంది. వృత్తి ఆటగాడి బ్యాటుమీద, సంస్థ ముద్ర కింద ‘125’ అనే అంకె కనిపిస్తుంది. సుమారు 1944నుండి 1975 వరకు నమూనా గుర్తును గుబ్బమీద కొట్టేవారు. 1976నుండి లావు భాగానికి మార్చినారు. నడుమనున్న కంపెనీ ముద్రలోని అక్షరాలు కూడ కాలక్రమాన మారినవి. శాసనాల లిపిని చూచి శతాబ్దాన్ని నిర్ణయించినట్లు, ఈ ముద్రను చూచి దశాబ్దాన్ని నిర్ణయిస్తారు. 1990లనుండి కొందరు సేకర్తలు కర్మాగారపు చీటీలను శోధించి, ఏ ఆటగాడికి ఏ రకం బ్యాట్లు పోయినవో పట్టికలు కూర్చి గ్రంథాలుగా వెలువరించినారు. ఆ తరువాతనే ఈ అభిరుచికి శాస్త్రపు పద్ధతి అబ్బినది.

రెండవది వాడిక గుర్తులు. బంతి గట్టిగా తగిలిన చోట దాని కుట్టు వరుసలు కొయ్యలో అచ్చుపడతాయి. ఒక్కొక్కప్పుడు బంతిమీది సిరా రంగు కూడ అంటుకొంటుంది. బ్యాట్లు నిలబెట్టే అరకు ఒరుసుకొని నీలమో, ఆకుపచ్చో చారలు పడతాయి. బూట్ల అడుగున అంటిన మట్టిని బ్యాటుతో కొట్టి రాల్చడం ఆటగాళ్ళ అలవాటు గనుక ఇనుప మేకుల గాట్లు ఉంటాయి. పిడి జారకుండా పూసే పైన్ చెట్ల తారు నల్లగా పేరుకొని ఉంటుంది. పనివారు తికమక పడకుండా గుబ్బమీద రాసిన చొక్కా అంకె ఉంటుంది: రాబిన్‌సన్‌ది 42, కాంపనెల్లాది 39, హాడ్జెస్‌ది 14, స్నైడర్‌ది 4, రీస్‌ది 1. పిడివద్ద బీట ఉంటే మనకు లోపమనిపించవచ్చును గాని, సేకర్తకు అది నిజంగా ఆడిన బ్యాటు అనడానికి ఆనవాలు.

మూడవది చేతులు మారిన వైనం. ఆటగాడినుండి ఎవరికి, వారినుండి ఎవరికి అనే గొలుసు తెగకుండా చెప్పగలగాలి. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ బ్రూక్లిన్‌ది కాదు, వారి చిరకాల ప్రత్యర్థులది. 1923 ఏప్రిల్ 18న యాంకీ స్టేడియం ప్రారంభమైన రోజున బేబ్ రూత్ అందులో మొట్టమొదటి హోమ్ రన్ కొట్టినాడు; అనగా బంతిని మైదానపు హద్దు దాటించినాడు. ఆ బ్యాటును ఆయన లాస్ ఏంజిల్స్‌లో ఒక పత్రిక బడిపిల్లలకు జరిపిన పోటీకి బహుమానంగా సంతకంచేసి ఇచ్చినాడు. దానిని గెలిచిన విక్టర్ ఓర్సాటీ 1984లో మరణించేవరకు తనవద్దనే ఉంచుకొన్నాడు. సంతకం, సంవత్సరం, బహుమానపు వివరం ఆ కొయ్యమీదనే ఉన్నవి. 2004 డిసెంబరులో న్యూయార్కు వేలంలో అది 12,65,000 డాలర్లకు అమ్ముడుపోయినది.

ముద్ర, వాడిక, వైనం అనే ఈ మూడు సాక్ష్యాలు ఒకదానితో ఒకటి కలిస్తేనే నమ్మకం కుదురుతుంది. కలిసినా కొంత సందేహం మిగలక తప్పదు. కర్మాగారపు చీటీ బ్యాటు పంపినట్లు చెబుతుంది గాని దానితో ఏ రోజున ఏమి జరిగినదో చెప్పదు. ఒకరి బ్యాటు మరొకరు అడిగి తీసుకొని ఆడడం జట్లలో మామూలు. అందుచేత ఒకానొక ఘనమైన దెబ్బ కొట్టిన బ్యాటు ఇదే అని ఎవరైనా చెబితే, తెలిసిన సేకర్త ముందు ఎట్లా తెలుసునని అడుగుతాడు.

అడగవలసిన అవసరమూ వచ్చినది. ధర పెరిగిన చోట దొంగ సరుకు పుట్టక మానదు. 1990లలో అమెరికా నేరపరిశోధక సంస్థ క్రీడావస్తువులపై దొంగ సంతకాలు చేసే ముఠాలను పట్టుకొన్నది. ఆ అనుభవంతో 2001లో బేస్‌బాల్ పెద్ద లీగువారు కొత్త ఏర్పాటు చేసినారు. పోలీసు వృత్తిలో అనుభవం ఉన్న సాక్షులు ప్రతి పోటీకి హాజరై, వాడిన వస్తువుకు అక్కడికక్కడే అంకెతో కూడిన బిళ్ళ అతికిస్తారు. కాబట్టి నేటి బ్యాటుకు పుట్టుపత్రం ఉన్నది. పాతకాలపు బ్యాటుకు ఆ గుమాస్తా చీటీయే దిక్కు. 1949 జూలైలో ఎబెట్స్ ఫీల్డ్‌లో జరిగిన ఆల్‌స్టార్ పోటీకి సంబంధించిన రాబిన్‌సన్ బ్యాటు 2022లో పది లక్షల డాలర్లు దాటి పలికినది. నల్లజాతి ఆటగాళ్ళు పాల్గొన్న మొదటి ఆల్‌స్టార్ పోటీ అదే కావడం ఆ విలువకు ఒక కారణం.

ఇంత విలువ కట్టడం మేలా, కీడా? మేలు లేకపోలేదు, ధర పలుకుతుందని తెలిసిన తరువాత ఎవరూ పాత బ్యాటును పొయ్యిలో పెట్టరు. కాని 1999లో అప్పర్ డెక్ అనే బొమ్మకార్డుల సంస్థ బేబ్ రూత్ వాడిన బ్యాటు ఒకటి కొని, దానిని సన్నని చెక్కులుగా కోసి, ఒక్కొక్క చెక్కును ఒక్కొక్క కార్డులో పొదిగి అమ్మినది. వందలాది ఇళ్ళకు తలా ఒక చెక్కు చేరినది. బ్యాటు మాత్రం లేకుండా పోయినది. ఒక తాళపత్ర గ్రంథాన్ని అక్షరానికొక ముక్కగా కోసి పంచితే అక్షరాలు మిగులుతాయి గాని కావ్యం మిగలదు. ఇక్కడ జరిగినదీ అదే.

దీనికంటె లోతైన నష్టం మరొకటి ఉన్నది. అది కత్తితో జరిగినది కాదు, రాయకపోవడంవల్ల జరిగినది. 1920లో రూబ్ ఫాస్టర్ స్థాపించిన నీగ్రో నేషనల్ లీగు మొదలుకొని, నల్లజాతివారి లీగులలో మహావీరులైన ఆటగాళ్ళు ఉండేవారు. వారిలో పలువురు మామూలు దుకాణంలో కొన్న బ్యాట్లతోనే ఆడినారు. వారి పేర కర్మాగారంలో నమూనాలూ, ఒప్పందాలూ, చీటీలూ బహు తక్కువ. హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టులోని జాష్ గిబ్సన్ ఆ కాలపు మహాబలశాలి. అతడు 1947 జనవరి 20న, ముప్పై ఐదేళ్ళ ప్రాయంలో, రాబిన్‌సన్ రంగప్రవేశానికి మూడు నెలల ముందు మరణించినాడు. 2020 డిసెంబరులో ఆ లీగులకు పెద్ద లీగుల హోదా ఇచ్చినారు. 2024 మేలో వాటి లెక్కలు కూడ కలిపినారు. అప్పుడు జీవితకాలపు బ్యాటింగు సగటులో అందరికంటె పైన, .372తో, నిలిచిన పేరు గిబ్సన్‌దే. పత్రికలలో పడిన లెక్కలను ఏళ్ళతరబడి ఏరి కూర్చినందువల్ల అంకె దొరికినది. బ్యాట్ల విషయంలో అట్లా ఏరడానికి ఏమి ఉన్నది? అతని చేతి బ్యాటు అని నిశ్చయంగా చెప్పదగినవి అత్యల్పం.

కాంపనెల్లా జీవితమే దీనికి నిదర్శనం. అతడు 1937లో, పదిహేనేళ్ళ వయస్సులోనే, అప్పటికి వాషింగ్టన్‌లో ఉండి తరువాత బాల్టిమోర్‌కు మారిన ఎలీట్ జెయింట్స్ అనే నల్లవారి జట్టులో చేరినాడు. 1948లో బ్రూక్లిన్ పెద్ద జట్టుకు వచ్చినాడు. 1951, 1953, 1955లలో తన లీగు మొత్తంలో ఉత్తమ ఆటగాడిగా ఎన్నికైనాడు. బ్రూక్లిన్‌లో అతడు పట్టిన బ్యాటు దొరికితే ముద్ర చదివి, అంకె చూచి, చీటీ తిప్పి పోల్చుకొనవచ్చును. అంతకుముందు బాల్టిమోర్‌లో పట్టిన బ్యాటు ఎదుట ఉన్నా దానిని గుర్తించే దారి బహు కష్టం. చేతులు అవే, బలమూ అదే. మారినదల్లా అతని పేరు రాసుకొనే గుమాస్తా ఉన్నాడా, లేడా అన్నదే.

బ్రూక్లిన్ నాయకుడు పీవీ రీస్ లూయీవిల్‌లో పెరిగినవాడు. ఆట విరమించిన తరువాత ఆయన ఆ ఊరికే తిరిగిపోయి, ఆ బ్యాట్ల సంస్థలోనే ఉద్యోగం చేసి, 1999లో అక్కడే కన్నుమూసినాడు. జట్టు చెదిరినది, మైదానం పోయినది, బ్యాటు పుట్టిన చోటు మాత్రం, కొంతకాలం నది ఆవలి ఒడ్డుకు పోయి 1996లో మరల లూయీవిల్‌కు చేరి, నేటికీ బ్యాట్లు తరిమెన పడుతూనే ఉన్నది.

బ్యాట్ల సేకరణలో నిలిచే విలువ డాలర్లలో లేదు. మంచి సేకర్త కొయ్యతోపాటు దాని కాగితాన్ని కూడ కాపాడుతాడు. తనకు ఎవరివల్ల వచ్చినదో, ఎప్పుడు వచ్చినదో రాసి ఉంచుతాడు. తెలిసినదానిని, ఊహించినదానిని వేరు వేరుగా చెబుతాడు. కూపర్స్‌టౌన్‌లో 1939లో తెరిచిన బేస్‌బాల్ కీర్తిమందిరం వస్తువులను వెలపెట్టి కొనదు. దాతలు ఇచ్చినవాటినే స్వీకరిస్తుంది. అట్లా ఇచ్చిన బ్యాటు అందరిదీ అవుతుంది. మన ఇళ్ళలోనూ తాతల నాటి తంబురాలు, ఘంటాలు, తక్కెడలు ఉన్నవి. అవి ఎవరివో తెలిసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఒక చీటీమీద పేరు, ఊరు, సంవత్సరం రాసి ఆ వస్తువుకు కట్టి ఉంచడానికి పట్టేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు ఎవరూ వెచ్చించని చోట ఎంతటివారి పనిముట్టయినా వట్టి కొయ్యయి పోతుంది.